న్యూజెర్సీ చలికి డెక్ మీది కుండీలు: ఏవి లోపలికి, ఏవి బయటే?

డెక్‌తోట:
ఎడిసన్‌లో ఉంటాం. డెక్ మీద రెండు కరివేపాకు, ఒక మల్లె, ఒక అంజూర, మూడు గులాబీలు, అన్నీ కుండీల్లోనే. గులాబీలు టెర్రకోటా మట్టి కుండీల్లో, మిగతావి ప్లాస్టిక్‌లో ఉన్నాయి. ఇంట్లో దక్షిణం కిటికీ దగ్గర మూడు కుండీలకే చోటుంది. గరాజ్‌లో హీటింగ్ లేదు. ఏవి ఎప్పుడు లోపలికి తేవాలి? బయట ఉండేవాటికి ప్లాస్టిక్ కవరు కప్పితే చాలా?

వేరుమూలం:
కిటికీ దగ్గరి మూడు చోట్లూ కరివేపాకు, మల్లెలకే ఇవ్వండి. ఇవి వేడి దేశాల మొక్కలు. మంచు పడేదాకా ఆగొద్దు. రాత్రి 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్‌కి దిగుతుందనగానే తెచ్చేయండి. మీ వైపు సెప్టెంబరు చివర్నుంచే కన్నేసి ఉంచాలి.

తెచ్చే ముందు ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. లీటరు గోరువెచ్చని నీటికి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారం తర్వాత ఇంకోసారి. హీటర్ గాలి పొడిగా ఉంటుంది కదా, ఆకు రసం పీల్చే చిన్న పురుగు ఎర్రనల్లి ఆ పొడిలోనే విజృంభిస్తుంది. బయట రెండే కనిపించినా లోపల నెలరోజుల్లో మొక్కంతా పాకుతుంది.

లోపలికొచ్చాక కరివేపాకు పసుపెక్కి ఆకు రాలుస్తుంది. నీళ్లు చాల్లేదనుకుని పోస్తారు, చాలా మొక్కలు పోయేది అక్కడే. వెలుగు తగ్గి మట్టి చల్లబడితే వేరు నీళ్లు పెద్దగా పీల్చదు, తడిలో కుళ్లిపోతుంది. వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. ఎరువు మార్చిదాకా వద్దు. మోడైపోయినా తొందరపడి పారేయకండి. కాండాన్ని గోటితో గీకినచోట పచ్చగా ఉంటే బతికున్నట్టే.

మట్టికుండీ:
అంజూర, గులాబీల పద్ధతి వేరు. ఇవి ఆకు రాల్చి నిద్రపోవాలి, వెచ్చని ఇంట్లో ఆ నిద్ర పట్టదు. అంజూర ఆకులన్నీ రాలాక, థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర) అటూ ఇటూగా, గరాజ్‌లోకి జరపండి. వెలుతురు అక్కర్లేదు. మట్టి పూర్తిగా ఎండిపోకుండా నెలకోసారి కాసిని నీళ్లు చాలు. గరాజ్ 25 నుంచి 45 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మంచిది. తరచూ 50 దాటితే ఫిబ్రవరిలోనే చిగురేసి, తర్వాతి చలికి మాడుతుంది.

గులాబీ కొమ్మ చలికి తట్టుకుంటుంది, కుండీలోని వేరు మాత్రం తట్టుకోలేదు. నేలలోని వేరుకు చుట్టూ భూమి కాపు ఉంటుంది. కుండీకి అన్ని వైపులనుంచీ చలి దిగుతుంది. అమెరికాలో చలికాలపు చలిని బట్టి ప్రాంతాలకు జోన్ నంబర్లు ఇస్తారు, నంబరు తగ్గేకొద్దీ చలి ఎక్కువ. అందుకే కుండీ మొక్కకు రెండు జోన్లు తగ్గించి లెక్కేస్తారు: మీది జోన్ 7 కాబట్టి జోన్ 5 దాకా తట్టుకునే రకమైతే దిగులుండదు. మొక్కతో వచ్చిన ట్యాగ్ చూడండి.

ఇక టెర్రకోటా. అది నీళ్లు పీల్చుకుంటుంది, నీరు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతుంది, కుండీ పెచ్చులూడి పగులుతుంది. ఆకు రాలాక వేరుముద్ద చెదరకుండా మొక్కను ప్లాస్టిక్ కుండీలోకి మార్చి, టెర్రకోటాను ఆరబెట్టి గరాజ్‌లో బోర్లించడం ఉత్తమం. మూడు కుండీలనూ గాలి తగలని చోట దగ్గరగా చేర్చి, కింద చెక్కముక్కలతో అంగుళం లేపండి. లేకపోతే అడుగు రంధ్రం మంచుతో మూసుకుపోతుంది. చుట్టూ కోళ్ల జాలీ కట్టి, కుండీకీ జాలీకీ మధ్య ఆరు అంగుళాల మందాన ఎండుటాకులు కూరండి. ఓక్ ఆకులైతే మేలు, మేపుల్ ఆకులు తడిసి అట్ట కడతాయి. పైన బర్లాప్ గోనె. చుట్టేముందు నిండా నీళ్లు పెట్టండి, పొడి మట్టి తొందరగా గడ్డకడుతుంది.

ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. పగలు ఎండకు లోపల ఉడుకుతుంది, రాత్రి ఆ చెమ్మే కొమ్మ మీద గడ్డకడుతుంది.

డెక్‌తోట:
దక్షిణం గోడ వెచ్చగా ఉంటుంది, గులాబీలు అక్కడ చేర్చనా?

మట్టికుండీ:
అక్కడ వద్దండీ. పగలు కరిగి రాత్రి గడ్డకట్టడం రోజూ జరిగితే వేర్లు తెగుతాయి, కుండీ పగులుతుంది. తూర్పు లేదా ఉత్తరం గోడ, కాలిబాటకు చల్లే ఉప్పు తగలని చోట పెట్టండి. చలి ఒకే తీరుగా ఉంటే మొక్క ఓర్చుకుంటుంది.

వేరుమూలం:
కరివేపాకు, మల్లెలను మే నెల మధ్యలో, రాత్రులు 50 పైన నిలిచాకే బయట పెట్టండి. మొదటి మూడు రోజులు పూర్తి నీడ, తర్వాత వారం పొద్దుటి ఎండ మాత్రమే. నేరుగా ఎండలో పెడితే కిటికీ దగ్గర వచ్చిన లేతాకు తెల్లగా మాడిపోతుంది.