పెల్టోస్పిరిడే నత్తల పాదం మీది ఇనుప పొలుసులు ఆత్మరక్షణ కోసమేనా?

ప్రశ్న

నేను ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. నత్త పాదం మెత్తని కండరమని చెబుతుండగా, హిందూ మహాసముద్రం అడుగున పాదానికి ఇనుప పొలుసులున్న నత్త ఉందని ఒక విద్యార్థిని అన్నది. అది పెల్టోస్పిరిడే కుటుంబానికి చెందిన క్రైసోమలాన్ స్క్వామిఫెరమ్ అని తెలుసుకున్నాను. ఆ పొలుసులు శత్రువుల నుంచి కాపాడుకోవడానికేనా? వెలుగు చొరని ఆ లోతులో అది ఏం తిని బతుకుతుంది?

మొదటి సమాధానం

మీ విద్యార్థిని చెప్పింది నిజమే. ఈ నత్త 2001లో మధ్య హిందూ మహాసముద్ర పర్వతశ్రేణిపై, సుమారు 2,400 మీటర్ల లోతున ఉన్న కైరీ ఉష్ణజల బిలాల (సముద్రపు అడుగున వేడినీరు ఎగజిమ్మే రంధ్రాల) దగ్గర కనిపించింది. శాస్త్రీయ నామకరణం మాత్రం 2015లో గాని జరగలేదు. ఆహారం కోసం ఇది ఎక్కడా మేయదు. అన్నవాహికను ఆనుకొని బాగా పెరిగిన ఒక గ్రంథిలో బ్యాక్టీరియా నివసిస్తూ, బిలాల నుంచి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి శక్తిని గ్రహించి దీనిని పోషిస్తుంది. ఆ బ్యాక్టీరియాకు కూడా ఆక్సిజన్ అందించవలసి ఉన్నందువల్లనే కాబోలు, దీని గుండె శరీర ఘనపరిమాణంలో దాదాపు 4 శాతం ఉంటుంది.

రెండవ సమాధానం

ఆ పొలుసులు ఆత్మరక్షణకు ఏర్పడిన ‘కవచం’ అన్న మాటను నేను అంగీకరించలేను. సాలిటేర్ అనే మరొక బిలక్షేత్రంలో ఇదే జాతి నత్తలకు పొలుసులు ఉన్నా, వాటిపై ఇనుప పూత లేదు. అవి తెల్లగా ఉంటాయి. అక్కడి బిలజలంలో ఇనుము చాలా తక్కువ. 2019లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, నత్త శరీరం నుంచి పొలుసుల్లోని సూక్ష్మనాళాల గుండా బయటికి వచ్చే గంధకం, నీటిలోని ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ రేణువులుగా మారుతుంది. అంటే గంధకాన్ని వదిలించుకొనే క్రమంలో ఏర్పడినదే ఆ పూత. రక్షణగా కొంత పనికివస్తే రావచ్చు గాని, పుట్టుకకు కారణం అది కాదని నా అభిప్రాయం.

మూడవ సమాధానం

ఈ పెల్టోస్పిరిడే కుటుంబాన్ని మెక్‌లీన్ అనే శాస్త్రవేత్త 1989లో ప్రతిపాదించారు. ఇందులో అధికభాగం చిన్న నత్తలే. జైగాంటోపెల్టా ప్రజాతి మాత్రం పెద్దదిగా పెరిగి, క్రైసోమలాన్ లాగే అన్నవాహిక గ్రంథిలో బ్యాక్టీరియాను పోషిస్తుంది. సముద్రగర్భ గనుల తవ్వకం వల్ల ముప్పు ఉన్నదని ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2019లో క్రైసోమలాన్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. ఆ సముద్రంలోనే 10,000 చదరపు కిలోమీటర్లలో సల్ఫైడ్ ఖనిజాల అన్వేషణకు మన దేశం 2016లో ఒప్పందం చేసుకున్నది కనుక, దీనిని కూడా తరగతిలో చెప్పండి.

ప్రశ్నించినవారు

కృతజ్ఞతలు. ‘ఇనుప కవచం’ అని నోట్సులో రాయించాను, రేపే సరిదిద్దుతాను.