1901లో పోయిన మనిషి ఆస్తికి 1928లో దావా ఏమిటి?

కృష్ణాతీరం:
మా ముత్తాతగారి అన్నగారి తద్దినం తిథి శార్వరి పుష్య బహుళ దశమి, అంటే 1901 జనవరి. బాపట్ల తాలూకాలో ఆయన భూమికి దావా పడింది 1928లో. వాదులు ఆయన తమ్ముళ్ళ కొడుకులు. స్వాధీనం, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) 1335 నుంచి మెస్నే ప్రాఫిట్స్ (హక్కు లేనివాళ్ళ స్వాధీనంలో ఉన్న కాలానికి భూమి ఆదాయం) అడిగారు. తిథి తప్పా? ఆయనకు పిల్లల్లేరనే అనుకోవాలా?

పాతదస్తావేజు:
తిథిని అనుమానించక్కర్లేదు. ఇది రివర్షనర్ల దావా. కొడుకుల్లేని మనిషి ఆస్తి అప్పట్లో భార్యకు వస్తే అనుభవించడానికే. ఆవిడ పోయాక భర్త వారసులది, వాళ్ళే రివర్షనర్లు. ఆ వారసులెవరన్నది ఆవిడ పోయిన నాటి లెక్క, 1901 లెక్క కాదు. ఆ రోజుకి ఒక్క తమ్ముడు బతికున్నా తమ్ముళ్ళ కొడుకులకు రాదు. కూతురు, కూతురి కొడుకు వీళ్ళకంటే ముందు. కాబట్టి "పిల్లల్లేరు" అని రాసేసుకోకండి, కూతురు పుట్టి తల్లికంటే ముందే పోయి ఉండొచ్చు.

అన్నదమ్ములు ఉమ్మడిగా ఉంటే భార్యకు దక్కేది మనోవర్తే. భూమి వచ్చిందంటే 1901కి ముందే పంపకాలైనా అయ్యాయి, అది స్వార్జితమైనా అయ్యుండాలి.

చిట్టా అడంగల్:
పంపకాల కాగితం వెతికితే కృష్ణా జిల్లా పేరుతో చూడండి, గుంటూరు జిల్లా 1904లో ఏర్పడింది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్స్ 1 పేర్లది, ఇండెక్స్ 2 ఆస్తులది; ఇంటిపేరు స్పెల్లింగు నాలుగు రకాలుగా ఉంటుంది, రెండోదే నయం. పట్టాలో ఆయన పేరు 1920ల్లో కనిపించినా కంగారుపడొద్దు. శిస్తు కడుతుంటే పాత పేరే ఏళ్ళ తరబడి నడిచేది.

కృష్ణాతీరం:
ఫసలీకి 590 కలిపితే 1925. అయితే ఆవిడ పోయింది అప్పుడేనా?

పాతదస్తావేజు:
కాదు, అందరూ పడే గొయ్యి అదే. ఫసలీ 1335 అంటే 1925 జూలై నుంచి 1926 జూన్. మెస్నే ప్రాఫిట్స్ వెనక్కి మూడేళ్ళకే అడగనిచ్చేవారు, అందుకే ఆ అంకె. స్వాధీనానికి గడువు ఆవిడ పోయిన దగ్గర్నుంచి 12 ఏళ్ళు. వాదుల్లో మైనర్లు లేకపోతే ఆవిడ 1916లోనో ఆ తర్వాతో పోయుండాలి. ఉత్త డిక్లరేషన్ దావా (హక్కు ప్రకటించమని మాత్రమే అడిగేది) అయితే ఈ లెక్క చెల్లదు, అది ఆవిడ బతికుండగానే వేయొచ్చు. అసలు తేదీ ప్లెయింటు (దావా అర్జీ) చివర్లో వ్యాజ్యకారణం పేరాలో, అంటే దావా హక్కు ఎప్పుడు పుట్టిందో చెప్పే చోట ఉంటుంది. ప్లెయింటు దొరక్కపోతే తీర్పు మొదటి పేరాలు చదవండి, ప్లెయింటు సారాంశం అక్కడే రాస్తారు.