ఎంఆర్‌ఎఫ్ ఎదిగింది సొంత సత్తాతోనా, సర్కారు గొడుగు కిందా?

నెల్లూరు_టెన్‌ట్వంటీ:
మొన్న మా ఆటోనగర్ టీ కొట్టు దగ్గర మొదలైన గొడవ ఇది. అక్కడ తెగలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను. 2023 జూన్‌లో టైర్ల కంపెనీ ఎంఆర్‌ఎఫ్ షేరు లక్ష రూపాయలు దాటింది కదా. దాని గురించి మా ఫైనాన్స్ మిత్రుడొకడు "అదంతా లైసెన్సు రాజ్యం, అంటే ఫ్యాక్టరీ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజులు, పెట్టిన భిక్ష. బయటి టైరు రాకుండా తలుపులేసి, లోపలున్న నలుగురికీ విస్తరేశారు" అని తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. 1946లో మద్రాసు తిరువొత్తియూరులో ఒక షెడ్డు వేసుకుని పిల్లలాడుకునే బెలూన్లతో ఈ కంపెనీ మొదలుపెట్టిన కె.ఎం. మామ్మెన్ మాప్పిళ్ళైకి ఎవరు విస్తరేశారంట? మీరు చెప్పండి.

ఒంగోలు_మాస్టారు:
బెలూన్ల కథ వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే ఆయన ఊరూ పేరూ లేని మనిషేం కాదు. ఇప్పటి కేరళలోని తిరువాన్కూరు సంస్థానంలో బ్యాంకూ పత్రికా నడిపిన కుటుంబం వాళ్ళది. 1938లో, సి.పి. రామస్వామి అయ్యర్ దివానుగా ఉన్నప్పుడు, బ్యాంకు కూలింది, మలయాళ మనోరమ మూతపడింది, తండ్రి జైలుకెళ్ళాడు. డబ్బు పోయింది నిజమే. చదువూ పరిచయాలూ పోవుగా!
నా పేచీ అది కాదులెండి, 1961 దగ్గర. టైర్లు చేసుకోమని లైసెన్సు ఇచ్చింది ప్రభుత్వం. టైరు చెయ్యడం నేర్పింది అమెరికాలో ఒహాయోకు చెందిన మాన్స్‌ఫీల్డ్ టైర్ అండ్ రబ్బర్ కంపెనీ. 1963లో వాళ్ళ రబ్బరు పరిశోధన కేంద్రానికి పునాదిరాయి వేసింది నెహ్రూ గారు. ఇక సొంత సత్తా ఎక్కడుంది?

చీమకుర్తి_గెలాక్సీ:
క్వారీలో మా లారీ టైరు కోసుకుపోతే నెహ్రూ గారొచ్చి జాకీ పెట్టరు మాస్టారూ. నిలబడే టైరయితేనే మళ్ళీ కొంటాం.

కావలి_రీబటన్:
అందరూ 1946 నుంచి 1961కి ఒక్క దూకు దూకేశారు. మధ్యలో 1952 ఉంది. అసలు కథ అక్కడుంది. ఆ ఏడాది ఎంఆర్‌ఎఫ్ వాళ్ళు ట్రెడ్ రబ్బరు మొదలుపెట్టారు. అంటే మా రీబటన్ షాపుల సరుకు.

తెలియనివాళ్ళకు చెబుతాను. బటన్, అంటే రోడ్డును తాకే గాడుల పొర, అరిగిపోయిన టైరును పైపైన గరుకుగా గీకేస్తాం. సొల్యూషన్ (రబ్బరు జిగురు) పూసి, కొత్త రబ్బరు పట్టీ చుట్టి, మోల్డులో పెట్టి ఉడికిస్తాం. పాత పద్ధతిలో అయితే నూటయాభై డిగ్రీల దరిదాపుల్లో వేడి. రబ్బరులో కలిపిన గంధకం ఆ వేడికి పనిచేసి పట్టీ గట్టిపడుతుంది, పాత టైరును కరుచుకుంటుంది. రబ్బరులో పాళ్ళు కుదరకపోతే మనం ఎంత ఉడికించినా దండగే. మా నాయన కొత్తగా షాపు పెట్టినప్పుడు చవకగా వస్తోందని ఒక కంపెనీ పట్టీ తెచ్చాడు, పేరెందుకులే. ఉలవపాడు మామిడికాయల లోడుతో మద్రాసు బయలుదేరిన లారీకి అది దారిలోనే ఊడింది. కాయలు మగ్గిపోయాయి. ఆ ఓనరు షాపు ముందుకొచ్చి అన్న మాటలు నాకిప్పటికీ గుర్తు. (హైవే మీద పాము కుబుసంలా పడి ఉండే రబ్బరంతా మా పాపమే అనుకోకండి. గాలి తక్కువై, లోడు ఎక్కువై పగిలిన కొత్త టైర్లవీ ఉంటాయి.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సరుకులో మోసం దాగదు. నెలా రెణ్ణెల్లలో రోడ్డే చెప్పేస్తుంది. విదేశీ కంపెనీలు ఏలుతున్న ఆ వ్యాపారంలో దిగి, 1956 ముగిసేసరికి దేశంలో సగం ట్రెడ్ రబ్బరు ఎంఆర్‌ఎఫ్ వాళ్ళే అమ్మారు. పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు ఆ సరుకే మానుకున్నాయి. ఆ సగం ఢిల్లీ వాళ్ళు రాసిచ్చింది కాదు సార్, లారీ ఓనర్లు ఒక్కొక్కరే వచ్చి ఇచ్చింది.

ఒంగోలు_మాస్టారు:
1952 సంగతి నేను వదిలేసిన మాట నిజం, ఒప్పుకుంటున్నాను. అయినా పట్టీ వేరు, టైరు వేరు కదండీ. లోపల గుడ్డ పొరలు, అంచున తీగ, ఇవన్నీ ఎరువు తెచ్చుకున్న విద్యే.

నెల్లూరు_టెన్‌ట్వంటీ:
ఎరువిచ్చిన గురువు ఏమయ్యాడు మాస్టారూ? 1970ల చివరికి ఒహాయోలో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. 1979లో మాన్స్‌ఫీల్డ్ తన వాటా అమ్ముకుని పోయింది. శిష్యుడు మిగిలాడు.
ఇంకొకటి. డన్‌లప్ వాళ్ళు 1936లోనే బెంగాల్ సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. దేశంలో మొదటి టైరు ఫ్యాక్టరీ అదే. వాళ్ళకూ అదే లైసెన్సు, దిగుమతులకు అవే అడ్డుగోడలు. చివరికి చేతులు మారి, తాళాలు పడి, లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి అప్పులు తీర్చే దాకా, పోయింది. ఒకే గొడుగు కింద ఇద్దరుంటే ఒకరే ఎందుకు తడిశారు?

పొదిలి_కుర్రాడు:
1967లో అమెరికాకే టైర్లు పంపారని చదివాను. నిజమేనా అన్నా?

నెల్లూరు_టెన్‌ట్వంటీ:
నిజమే తమ్ముడూ. అమెరికాకు టైర్లు ఎగుమతి చేసిన మొదటి మన కంపెనీ అదే.

ఒంగోలు_మాస్టారు:
గొడుగుంటే చాలు ఎవరైనా బతుకుతారని నేననలేదు. సాహాగంజ్ మాట మీరన్నది సబబే. నేనడిగేది, కొత్తవాడు రావాలంటే అనుమతి కావాల్సిన రోజుల్లో పాతవాడికి దక్కిన సుఖం సంగతి. 1961 తర్వాత వచ్చిన లాభంలో ఆ సుఖం పాలు ఎంతో కొంత ఉంటుంది. అది లేదంటే మాత్రం నేను ఒప్పుకోను.

చీమకుర్తి_గెలాక్సీ:
ఇప్పుడు నా వంతు. 1964లో ఎంఆర్‌ఎఫ్ గుర్తుగా ఆ కండల వీరుడి బొమ్మ వెయ్యకముందు అలీక్ పదమ్‌సీ అనే యాడ్ల పెద్దమనిషి లారీ డ్రైవర్లనే అడిగాడంట, టైరు ఎట్టా ఉండాలని. బలంగా ఉండాలన్నారంట. బాగుంది, మమ్మల్ని అడిగారు. మరి ధర పెంచేటప్పుడు ఎవర్ని అడిగారు? 2018లో, కంపెనీలు కుమ్మక్కు కాకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ ఐదు టైరు కంపెనీలకు కలిపి 1,788 కోట్ల జరిమానా వేసింది. 2022 ఫిబ్రవరిలో గానీ అది బయటికి రాలేదు. అందులో ఎంఆర్‌ఎఫ్‌కి 622 కోట్లు, అందరికంటే ఎక్కువ. 2011, 2012లో కూడబలుక్కుని రేట్లు పెంచారని అభియోగం. ఏ టైర్లకు? లారీలకూ బస్సులకూ వేసే నైలాన్ టైర్లు, అదీ మనబోటివాళ్ళు షాపులో కొనే వాటికి. అప్పీలుకెళితే 2022 డిసెంబరులో ట్రిబ్యునల్ మళ్ళీ చూడమని కమిషన్‌కే తిప్పి పంపింది, కాబట్టి తప్పు చేశారని నేను తీర్పు చెప్పను. కానీ నెల్లూరన్నా, లైసెన్సులు పోయి ఇరవై ఏళ్ళయ్యాక ఇలాంటి కేసెందుకొచ్చింది? దీనికీ బెలూన్ల కథే చెబుతావా?

నెల్లూరు_టెన్‌ట్వంటీ:
చెప్పను. ఆ రోజుల్లో ఆరు టైర్లు ఒకేసారి మార్చి అప్పులపాలైనవాణ్ణి నేను. 1952 మాత్రం నాదే, అది వదలను.

కావలి_రీబటన్:
ఆ రేట్ల గొడవలో నన్ను సాక్షిగా పిలవొద్దు సార్. కొత్త టైరు రేటు పెరిగినప్పుడల్లా మా షాపులో మోల్డు ఖాళీ ఉండేది కాదు.