200 కి.మీ. బీఆర్‌ఎంకు 23 టైరా, 28 టైరా?

ప్రశ్న:
నా రోడ్ సైకిల్‌కు రిమ్ బ్రేకులు (చక్రం అంచును, అంటే రిమ్మును పట్టి ఆపేవి), 23 మి.మీ. వెడల్పు టైర్లు ఉన్నాయి, 120 పీఎస్‌ఐ ఒత్తిడితో గాలి కొడతాను. హైదరాబాద్ నుంచి అనంతగిరి వైపు వెళ్లినప్పుడు గరుకు తారు మీద చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పదమూడున్నర గంటల్లో ముగించవలసిన 200 కి.మీ. బీఆర్‌ఎంకు (పోటీ కాదు, గడువులోగా పూర్తిచేసే దూరపు సైకిల్ యాత్ర) సిద్ధమవుతున్నాను. 28 వేస్తే వేగం తగ్గుతుందా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
తగ్గదండీ. గాలి ఒత్తిడి సమానంగా ఉన్నప్పుడు సన్నని టైరు నేల మీద పొడవుగా అణుగుతుంది, వెడల్పు టైరు పొట్టిగా అణుగుతుంది. పొడవుగా అణిగే టైరే ఎక్కువగా వంగి, మీరు తొక్కిన శక్తిని వేడిగా పోగొడుతుంది. నునుపైన ఇనుప డ్రమ్ము మీద పరీక్షిస్తే గాలి పెంచేకొద్దీ మేలని కనిపిస్తుంది గానీ, గరుకు రోడ్డు మీద బిగుసుకున్న టైరు సైకిల్‌నూ మనిషినీ ఎగరేస్తూ ఉంటుంది, ఆ కుదుపులకూ శక్తి ఖర్చవుతుంది. టూర్ డి ఫ్రాన్స్ జట్లు ఒకప్పుడు 23 వాడేవి, ఇప్పుడు 28కీ ఆపైకీ వచ్చాయి. పారిస్-రూబే పందెంలోని రాళ్ల దారుల్లోనైతే 30 దాటిన టైర్లు మామూలే.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక సవరణ చెప్పాలి. ఆ జట్ల రిమ్ములు వెడల్పైనవి. పాత ఇరుకు రిమ్ముకు 28 వేస్తే టైరు రిమ్ము కన్నా బాగా బయటికి ఉబ్బుతుంది, గంటకు 35 కి.మీ. దాటినప్పుడు ఎదురుగాలికి అది భారమే. అయితే బీఆర్‌ఎంలో అంత వేగం అవసరం లేదు కాబట్టి, మీకు అసలు ప్రశ్న ఫ్రేములో చోటు. చాలా రిమ్ బ్రేకు సైకిళ్లలో 25 సులువుగా పడుతుంది, 28 మాత్రం బ్రేకు కిందనో, వెనుక గొట్టాల మధ్యనో రాసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
కొలిచి చూశానండీ. ముందు 28కి చోటుంది, వెనుక 25 మాత్రమే పడుతుంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
అయితే అలాగే వేయండి. తిమ్మిరి చేతులకు కాబట్టి ముందు టైరే మీకు ముఖ్యం. మీరు 70 కిలోల బరువుంటే ముందు 70, వెనుక 85 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, రోడ్డును బట్టి అయిదేసి చొప్పున మార్చుకోండి. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు రిమ్ముకు నలిగి పంక్చరవుతుంది. ఇప్పటి ట్యూబు మీద 18–25 అని (అంటే ఆ వెడల్పు టైర్లకే సరిపోతుందని) ఉంటే ముందు చక్రానికి కొత్త ట్యూబు కూడా తీసుకోవలసి ఉంటుంది.