కాగితం మీద పేరు లేకపోతే ఇంట్లో వాటా లేనట్టేనా?

ప్రశ్న అడిగినవారు:
పెళ్ళయిన 11 ఏళ్ళకు విడిపోయాం. ఫ్లాట్ ఆయన పేరు మీద ఉంది, ఈఎంఐ ఆయన జీతంలోంచే కట్ అయ్యేది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు నా జీతంతో నడిచాయి. అప్పట్లో ఇద్దరం కూర్చుని అనుకున్న పద్ధతే అది. ఇప్పుడేమో "ఒక్క ఈఎంఐ అయినా కట్టావా?" అంటున్నారు. ఫీజులు నేను కట్టబట్టే కదా ఆ ఈఎంఐలు సాగింది! నాకు వాటా ఉండాలా, వద్దా?

మొదటి జవాబు:
మేడమ్, మీ బాధ నిజమే కానీ నేను ఒప్పుకోను. ఇల్లు కొనడానికి డబ్బు పెట్టిందెవరో అదే చూడాలి. నాది ఇంకో రకం కేసు. నా డబ్బుతో స్థలం కొని నా భార్య పేరున రిజిస్టర్ చేయించాను. విడాకులయ్యాక తనదే అంటోంది.

రెండో జవాబు:
సార్, మీకు దారి ఉంది. లెక్క చూపగల ఆదాయంతో భార్య పేరున కొన్నది బినామీ (ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొనడం) కిందకు రాదని 2016లో సవరించిన చట్టమే చెబుతోంది. కాకపోతే అది బహుమతి కాదని మీరు రుజువు చేసుకోవాలి.

మేడమ్ విషయం కష్టం. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ పెళ్ళి సమయంలో ఇద్దరికీ కలిపి ఇచ్చిన వాటి గురించే మాట్లాడుతుంది. తర్వాత కొన్న ఇంటిని సగం చేయమనే నియమం అందులో లేదు. భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే బిల్లు 2013లో రాజ్యసభలో గట్టెక్కింది, 2014లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించే సంగతి ఇది. గోవాలో అయితే వేరే ఒప్పందం రాసుకోకపోతే ఆస్తి ఇద్దరిదీ.

అయినా ఆశ వదలకండి. భర్త విదేశంలో సంపాదించగా భార్య ఇల్లు నడిపిన ఒక కేసులో, ఆ ఇంటి చాకిరీ కూడా ఆస్తి కొనడానికి తోడ్పడినట్టేనని 2023లో మద్రాసు హైకోర్టు సగం వాటా ఇచ్చింది. మిగతా రాష్ట్రాల కోర్టులు దానికి కట్టుబడనక్కర్లేదు, కానీ మీ లాయర్ దాన్ని చూపించవచ్చు. దావా ఫ్యామిలీ కోర్టులోనే వేయొచ్చు. పుట్టింటివాళ్ళు పెట్టిన బంగారం స్త్రీధనం. దాన్ని ఇంటి లెక్కలో కలపనివ్వకండి.

మొదటి జవాబు ఇచ్చినవారు:
పదేళ్ళ కిరాణా బిల్లులు ఎవరు దాస్తారండీ? అలా లెక్కేయడం మొదలుపెడితే కోర్టులో తేలుతుందా?

రెండో జవాబు ఇచ్చినవారు:
తేలదు. అందుకే బిల్లులు అడగని చట్టం కావాలంటున్నాను. పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అని మొదలుపెట్టి, కాదనేవారే రుజువు చూపాలి. మీ స్థలానికీ అదే వర్తిస్తుంది సార్, మీరూ మొత్తం పోగొట్టుకోరు. మేడమ్, లోన్‌లో కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టారేమో చూడండి. పెట్టుంటే విడాకుల డిక్రీ వచ్చినా బ్యాంకు మిమ్మల్ని వదలదు.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే పేపర్లు తీశాను. ప్రతి పేజీలో నా సంతకం ఉంది. సేల్ డీడ్‌లో నా పేరు లేదు కానీ అప్పులో ఉన్నాను! ఫీజు రసీదులు, ఈ లోన్ కాపీ తీసుకుని రేపే లాయర్‌ను కలుస్తాను.