విటమిన్ డి కోసం పొద్దుటి ఎండా, నడినెత్తి ఎండా?

తార్నాక అమ్మాయి:
మూడేళ్లుగా మా అమ్మ పొద్దున ఆరున్నరకే మేడ మీద అరగంట కూర్చుంటుంది. మొన్న పరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా, 9 వచ్చింది. డాక్టరేమో పదకొండు దాటాక ఎండలో కూర్చోమన్నారు. ఈ ఏప్రిల్ ఎండలోనా? లేత ఎండ మంచిదన్న పెద్దల మాట తప్పా?

నల్లకుంట మాస్టారు:
తప్పు కాదమ్మా, ఒంటికి హాయే. కానీ డి మాత్రం రాదు. చర్మంలో డి తయారయ్యేది ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల వల్ల. పొద్దున సూర్యుడు వాలుగా ఉంటాడు, ఆ కిరణాల్ని దారిలోనే ఓజోన్ మింగేస్తుంది. గడియారం కాదు, నీడ చూడండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటేనే పని జరిగేది. కిటికీ అద్దం వెనక కూర్చున్నా లాభం లేదు. అద్దం యూవీబీని ఆపేసి, చర్మాన్ని ముడతలు పెట్టే యూవీఏని చాలావరకు లోపలికి వదులుతుంది.

ఉప్పల్ స్కూటీ:
నేను ఒప్పుకోను సార్. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ బండి మీదే. మొదట్లో చున్నీ కట్టుకునేదాన్ని కాదు. రెండేళ్లకే రెండు చెంపల మీదా మంగు వచ్చింది, ఇప్పటికీ పోలేదు. "మన రంగుకి సన్‌స్క్రీన్ ఎందుకే" అన్నారు ఇంట్లో. మంగు ఎక్కువగా వచ్చేదే మన చామనఛాయ వాళ్లకి! యూవీ సూచిక, అంటే ఎండలో అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పే అంకె, 3కి చేరగానే జాగ్రత్తపడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు 11 దాటుతుంది. మందులున్నాయిగా, ఒళ్లు కాల్చుకోవడమెందుకు?

నల్లకుంట మాస్టారు:
ముఖాన్ని ఎండబెట్టమని ఎవరన్నారమ్మా? ముఖం మీద తువ్వాలు కప్పుకుని చేతులు, కాళ్లు చూపిస్తే చాలు. మన రంగులో చర్మం కందినా సరిగా కనబడదు, అందుకే చురుక్కుమనకముందే లేచి రావాలి.

బండి మీద బతుకు:
మీరు పావుగంట లెక్క చూస్తున్నరు. నేను పన్నెండు నుంచి నాలుగు దాకా పార్సిళ్లు పట్టుకుని రోడ్డు మీదే ఉంట. వాచీ తీస్తే మణికట్టు మీద తెల్ల పట్టీ! రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ రాయాలంటే నెలకెన్ని ట్యూబులు కొనాలె? పొడుగు చేతుల నూలు చొక్కా, మెడకు తడి తువ్వాల, గదే నా మందు. ఎండల పనిచేసేటోళ్లకు నీడ ఎక్కడుంటదో గూడ మాట్లాడుండ్రి.

తార్నాక అమ్మాయి:
అన్నా, నిజం. మా ఇంటి ముందు వేపచెట్టుంది, కుండలో నీళ్లుంటాయి. ఇటొస్తే ఆగండి.
మాస్టారూ, ఇవాళ పదకొండింటికి అమ్మను మేడెక్కించాను. నీడ ఆమెలో సగం కూడా లేదు. ముఖానికి కొంగు కప్పుకుని పది నిమిషాలు కూర్చుంది. డాక్టరిచ్చిన పొడి ప్యాకెట్లు ఎట్లాగూ వేసుకుంటోంది. మూడు నెలలకి మళ్లీ పరీక్ష, అంకె ఇక్కడే రాస్తాను.