అప్‌డేట్: మా సంస్థ వెబ్‌సైట్‌లో తెలుగు కనిపిస్తోంది

మా స్వచ్ఛంద సంస్థ పాత వెబ్‌సైట్‌లో తెలుగంతా పిచ్చిగీతల్లా వస్తోంది, ఏం చేయాలని అడిగినది నేనే. మీరు ఊహించిందే నిజం: ఆ పేజీలు యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలిచ్చే ప్రమాణం) ముందునాటి ఫాంటులో టైప్ చేసినవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌కు అవి ఉత్త ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. గూగుల్‌కూ అంతే.

కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. వత్తులు, ముఖ్యంగా క్రావడి, చాలాచోట్ల తారుమారయ్యాయి. రిటైరైన తెలుగు మాస్టారొకరు కూర్చుని సరిచేశారు (అడగకపోయినా పాత అచ్చుతప్పులూ దిద్దారు). పేజీల్లో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను భద్రపరిచే పద్ధతి) అని ప్రకటించి, మండలి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు పెట్టాం.

సైటును వర్డ్‌ప్రెస్‌లోకి (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) మార్చమన్న మీ సలహా మాత్రం పాటించలేదు. ఎప్పుడో ఒకసారి మారే నాలుగు పేజీలకు డేటాబేసు, ప్లగిన్ల బెడద ఎందుకు? సాదా హెచ్‌టీఎంఎల్ చాలు. డొమైన్ (సైటు చిరునామా) ఇంకా పాత కార్యకర్త పేరు మీదే ఉంది. బదిలీకి ఆయన ఒప్పుకున్నారు, అందుకు కావలసిన కోడ్ ఆయన పంపాలి.